ఇంట్లో తెలుగే

మా నాన్నకు తెలుగు పోయింది. పక్షవాతంతో చెయ్యి పడిపోయినవాళ్ళను చూశాను, మూతి వంకరపోయినవాళ్ళను చూశాను. భాష పోయిన మనిషిని మాత్రం అప్పుడే చూడటం. దవాఖానలో కొన్నాళ్ళు ఉలుకూ పలుకూ లేకుండా పడుకున్న మనిషి ఒక పొద్దున నోరు తెరిచి గడగడా మాట్లాడాడు. నర్సు సంతోషంగా నా వైపు చూసింది. అందులో ఒక్క ముక్క నాకు అర్థం కాలేదు.

"కొందరికి ఇట్లయితది మేడమ్. తర్వాత నేర్చుకున్నది పోయి చిన్నప్పటిది మిగులుతది. మీరు మీ మాతృభాషల మాట్లాడుండ్రి, జల్ది కోలుకుంటడు" అన్నాడు డాక్టరు.

మాతృభాషలో మాట్లాడాలట! నేను సూర్యాపేటలో డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెప్తాను. తెల్లవాడి పాలన పోయిన తర్వాత వచ్చిన నవలల్లో అస్తిత్వం, బహుళ సంస్కృతులు నా పరిశోధన విషయం. సొంత భాష పోగొట్టుకున్న పాత్రల గురించి నోట్సు చూడకుండా గంటసేపు చెప్పగలను. కన్నతండ్రికి మంచినీళ్ళు కావాలో దుప్పటి కావాలో తెలుసుకోవడం మాత్రం చేతకాలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది. దానికంటే ఎక్కువగా ఆయన మీద కోపం వచ్చింది.

కోపం రాదా మరి! మేం లంబాడోళ్ళం. నాన్న పేరు రూప్లా. మాడుగులపల్లి దగ్గర తండాలో పుట్టి, కాలువల ఆఫీసులో ఉద్యోగం వచ్చాక మిర్యాలగూడకు, అక్కడి నుంచి సూర్యాపేటకు చేరాడు. చేరగానే ఒక చట్టం పెట్టాడు, ఇంట్లో తెలుగే మాట్లాడాలని. ఆ తెలుగు కూడా ఊళ్ళో అందరూ మాట్లాడేది కాదు. రోజూ నన్ను నిలబెట్టి పేపరు పైకి చదివించేవాడు. 'సూడు' అంటే ఊరుకునేవాడు కాదు, 'చూడు' అనేదాకా అన్నం ముందు కూర్చోనిచ్చేవాడు కాదు. తండా నుంచి చుట్టాలొస్తే తనే బస్టాండుకు పోయేవాడు. అక్కడే చాయ తాగించి, అక్కడే మంచీచెడూ మాట్లాడి, అక్కడే బస్సెక్కించేవాడు. అద్దాల రవికె, గాజుల చేతులు మా వాకిట్లోకి ఎప్పుడూ రాలేదు.

ఇక మా అమ్మ. ఆవిడకు తెలుగు సరిగా పట్టుబడలేదు. తప్పు మాట్లాడితే నాన్న మొహం మాడ్చుకుంటాడని అసలు మాట్లాడటమే తగ్గించేసింది. మా అమ్మ నోట్లో నాలుక లేని మనిషి అనుకుంటూ పెరిగాను. అట్లా నోరు మూసుకునే ఒకనాడు పోయింది.

నాన్నను ఇంటికి తెచ్చాక పక్కింటి రాధమ్మ పలకరించడానికి వచ్చింది. నాన్న ఆమెను చూసి ఏదో అడిగాడు. ఆమె నా వైపు తిరిగింది.

"ఏం భాష స్వప్నా ఇది? హిందీ గిట్ట మాట్లాడుతుండా మీ నాన్న?"

"నరాలు దెబ్బతిన్నాయి కదండీ. మాటలు తారుమారవుతున్నాయి" అన్నాను.

"అయ్యో పాపం, ఎట్లుండే మనిషి" అని ఆమె వెళ్ళిపోయింది. మేమెవరమో తెలిసినవాళ్ళకు తెలుసు. తెలియనివాళ్ళకు నేను చెప్పలేదు. నాన్న మంచాన పడ్డా ఆయన చట్టం మాత్రం ఇంట్లో బాగానే నడుస్తోంది.

చేసేది లేక గేమ్యా చిన్నాయనకు ఫోన్ చేశాను. నాన్నకు సొంత తమ్ముడు. మా గడప లోపలికి రావడం ఆయనకు అదే మొదటిసారి. చెప్పులు బయట విడిచి, తలపాగా తీసి చంకలో పెట్టుకుని, ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడ్డాడు. నాన్న ఆయనను చూడగానే పెద్దగా కేక పెట్టాడు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. చిన్నాయన మంచం పట్టె మీద కూర్చుని అన్న చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరూ ఏడ్చారు, అంతలోనే నవ్వారు. ఏవో పేర్లు, ఏవో తిట్లు, మధ్యలో రాగం తీసి ఒక పాట ముక్క. నేను గుమ్మంలో నిలబడి చూశాను. నాన్న అంత నవ్వగలడని నాకు తెలియదు. నాకు ఈర్ష్య పుట్టింది, చెప్పడానికి సిగ్గెందుకు!

"ఏం పాట చిన్నాయనా అది?"

"మీ యమ్మ పాట బిడ్డా. పెండ్లిల పాడింది. మా తండల మీ యమ్మంత గొంతు ఇంకెవ్వలికి లేకుండె. నోరిప్పిందంటే అవతలి తండకు వినపడేది."

మా అమ్మేనా? నేను వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను.

చిన్నాయన ఉండిపోయాడు. ఆయన ఉంటే పనులన్నీ జరిగేవి. 'పాణి' అంటే నీళ్ళు, 'బాటి' అంటే రొట్టె, ఇట్లాంటివి నాకూ వచ్చాయి. నాన్న రోజంతా చెప్తూనే ఉండేవాడు, చిన్నాయన ఊకొడుతూ ఉండేవాడు. నేను గదిలోకి అడుగు పెడితే మాత్రం నాన్న మాట ఆపేసేవాడు. పని మనిషి ముందు ఇంటి సంగతులు మాట్లాడకుండా జాగ్రత్తపడినట్టు ఉండేది. నేను అన్నం కలిపి పెడితే తింటాడు, మూతి తుడిస్తే తుడిపించుకుంటాడు, నా మొహంలోకి మాత్రం చూడడు.

"నా గురించి ఏమైనా అడుగుతున్నాడా చిన్నాయనా?"

ఆయన తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. "ఏం అడుగుతడు, పానం బాగలేని మనిషి."

"నిజం చెప్పు."

"ఈమె ఎవలు, ఎందుకొస్తది అని అడుగుతుండు బిడ్డా. నీ బిడ్డనే అని సెప్పిన. ఇంటలేడు. నా బిడ్డ గింత ఉంటది అంటుండు" అని చిన్నాయన నడుము దగ్గర చెయ్యి పెట్టి చూపించాడు.

నాకు ఇంకేమీ అక్కర్లేదనిపించింది. ఆయన లేచి నడవకపోయినా సరే. ఒక్కసారి నన్ను నన్నుగా గుర్తుపడితే చాలు. ఆయనకు తెలుగు ఎట్లాగూ తిరిగి రాదు, కాబట్టి నేనే ఆయన భాషలోకి పోవాలి. చిన్నాయనను అడిగి ఒక వాక్యం నేర్చుకున్నాను. మ తారి బేటి ఛూ. నేను నీ బిడ్డను. చంటిపిల్లకు నేర్పినట్టు నేర్పాడాయన. నేను పలికితే మొదట్లో నవ్వు ఆపుకున్నాడు గానీ, తర్వాత తర్వాత "ఇగ మంచిగనే వచ్చింది" అన్నాడు.

ఆ వారంలోనే కోదాడలో సెమినారు. ముందే ఒప్పుకున్నది, తప్పించుకోవడానికి వీల్లేకపోయింది. పట్టుచీర కట్టుకుని వెళ్ళాను. సమకాలీన నవలలో బహుళ సంస్కృతుల మీద తెలుగులోనే మాట్లాడాను. భాష పోతే మనిషికి ఇల్లు ఉండదని అన్నాను, పిల్లలు చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు. మొదటి వరసలో కూర్చున్న లక్ష్మీనర్సయ్య గారు, రిటైరైన తెలుగు పంతులు, భోజనాల దగ్గర నా పక్కకు వచ్చారు.

"మీ సొంతూరు ఏదమ్మా? సూర్యాపేటంటే నమ్మబుద్ధి కావట్లేదండీ. మీ తెలుగు వింటే మా కృష్ణా జిల్లా వైపనుకున్నాను. మాతృభాష మీద ఎంత మమకారం ఉంటే అంత స్వచ్ఛంగా వస్తుందండీ!"

కాదండీ, నా మాతృభాషలో నాకు ఒక్కటే వాక్యం వచ్చు అని చెప్పవలసింది. నోటిదాకా వచ్చింది. "థాంక్సండీ" అని చేతులు కడుక్కోవడానికి లేచాను. నవలల్లోవాళ్ళకు ధైర్యం ఎక్కడి నుంచి వస్తుందో ఎన్ని నవలలు చదివినా నాకు తెలియలేదు.

బస్సులో సూర్యాపేట వచ్చేదాకా ఆ వాక్యాన్నే అనుకుంటూ వచ్చాను. పక్క సీటావిడ నేను దేవుణ్ణి తలచుకుంటున్నాననుకుని కాస్త జరిగి కూర్చుంది. ఇంటికి చేరేసరికి ఎండ ఇంకా వాకిట్లో ఉంది. చిన్నాయన నాన్నను కుర్చీలో కూర్చోబెట్టి గడ్డం గీస్తున్నాడు. చీర మార్చుకునే ఓపిక కూడా లేకుండా, శాలువాతోనే ఎదురుగా పోయి నిలబడ్డాను.

"మ తారి బేటి ఛూ" అన్నాను.

నాన్న నా వైపు చూశాడు. ఇన్నాళ్ళకు నా మొహంలోకి చూశాడు. గుర్తుపట్టాడు అనుకున్నాను.

ఆయన కుర్చీ చేతిని పట్టుకుని లేవబోయాడు. కుడికాలు సహకరించక ఒరిగిపోతుంటే చిన్నాయన పట్టుకున్నాడు. నాన్న ఆయనను విదిలించుకుని, పడ్డట్టుగానే నేల మీద కూర్చున్నాడు. సబ్బు నురగ ఇంకా చెంప మీదే ఉంది. పనిచేసే చేత్తో పనిచేయని చేతిని ఎత్తి, రెండూ కలిపి నాకు దండం పెట్టాడు.

"దండాలు దొరసానీ" అన్నాడు.

తెలుగు! నేను ఎందరు దేవుళ్ళకు మొక్కుకున్నానో ఆ తెలుగు కోసం. పేపరు భాష కాదు, నాతో 'చూడు' అనిపించిన భాష కాదు. నేనెన్నడూ వినని, నంగి నంగి, తల పైకెత్తని తెలుగు.

"మేం సిన్నప్పుడు బర్లు కాసిన ఇంటి దొరసాని అనుకుంటుండు బిడ్డా. గాడ నేర్సుకున్నదే గీ తెలుగు" అన్నాడు చిన్నాయన మెల్లగా. "లే అన్నా, ఈమె మన పిల్లనే" అని ఆయన రెక్క పట్టుకోబోయాడు. నాన్న లేవలేదు.

"కాల్మొక్త దొరసానీ. మా పొల్ల బడికి పోతది. మేం తండోళ్ళమని గాడ సెప్పకుండ్రి. పిల్లలు నవ్వుతరు. పక్కన కూసోనియ్యరు. ఏడ్సుకుంట ఇంటికొస్తది, ఇగ బడికే పోనంటది. మీ దయ దొరసానీ, మా మాట గుడ బంద్ వెట్టిన. ఇంట్ల గుడ మాట్లాడం."

నేనూ కింద కూర్చున్నాను. నాన్నా నేనే, ఆ పొల్లను నేనే అని అరవాలనిపించింది. ఆయన కళ్ళలో భయం చూశాను. నా నోట్లోంచి ఏ మాట వస్తుందోనని ఎదురుచూస్తున్నాడు. నేను నీ బిడ్డనని ఇంకోసారి అంటే, దొరసాని తన భాషతో వెక్కిరిస్తోందనే అనుకుంటాడు. ఆయనకు ఆ క్షణాన బిడ్డ అక్కర్లేదు, దొరసాని మాట కావాలి.

"చెప్పను" అన్నాను, ఆయన నేర్పిన తెలుగులో. "ఎవరికీ చెప్పను. మీ పిల్ల చదువుకుంటుంది."

నాన్న మొహం తేటపడింది. తలకాయ ఊపి తమ్ముడి వైపు తిరిగి వాళ్ళ భాషలో ఏదో అన్నాడు.

"ఏమంటున్నాడు?" అని అడిగాను.

చిన్నాయన కళ్ళు ఒత్తుకున్నాడు. "దొరసాని మంచిది అంటుండు బిడ్డా."