అండాలు ఏ భాషలో ప్రేమించాలి?

ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. బస్సులు లేవు. వనస్థలిపురం నుంచి షేర్ ఆటోలో వచ్చిన ప్రసన్నలక్ష్మిని ఎల్‌బీ నగర్ చౌరస్తాలో రాస్తారోకో ఆపేసింది. అక్కడి నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా ఎండలో నడిచే వచ్చింది. అయినా ఆమెకు అలసట తెలియలేదు. తన కొత్త నవల అచ్చుకు వెళ్లే ముందు ఒకసారి చూసిపొమ్మని పబ్లిషర్ చక్రపాణి కబురు పంపాడు మరి!

ప్రేమ నవలలంటే పెదవి విరిచే పెద్దమనుషులు చాలామందే ఉన్నారు. కానీ వంటింటి పని ముగించుకుని వాటి కోసం ఎదురుచూసే ఆడవాళ్లు అంతకంటే ఎక్కువమంది. అలాంటివాళ్ల కోసమే ప్రసన్నలక్ష్మి ఏళ్లుగా రాస్తోంది. పోచంపల్లి చేనేత ఇంట్లో పుట్టిన ఆమె, ఈసారి గడ్డిఅన్నారం పండ్ల వ్యాపారి కూతురు అండాలును నాయికగా చేసి, తన ఇంటి మాటనే ఆమె నోట పలికించింది. రాసేటప్పుడు చక్రపాణి సరేనన్నాడు.

ఆయన ఇంటి ముందుగదే ఆఫీసు. ప్రూఫులు చేతికి తీసుకున్న ప్రసన్నలక్ష్మి ముఖం పేజీ పేజీకీ మాడిపోయింది. "నువ్వు రాకుంటె నాకు అన్నం తినబుద్ధి గాదు. గింతకంటె ఎట్ల చెప్పాలె?" అని తాను రాసింది. అచ్చులో అండాలు, "మీరు లేని నా జీవితం శూన్యం" అంటోంది. ఆ అన్నం మాట నవలలోని పనిమనిషి సైదమ్మకు పోయింది. ఆమె దాన్ని కూరగాయలబండి అతనితో అంటుంది.

"గిదేంది సార్? గా మాట అండాలుది."

"ఉద్యమం నడుస్తోంది కదమ్మా, అందుకే మీ యాస వదల్లేదు. సైదమ్మకు నిండుగా పెట్టించాను. జనం పడీపడీ నవ్వుతారు."

"మరి అండాలుకు ఎందుకు తీసేసిన్రు?"

"హీరోయిన్ ప్రేమించాలి కదమ్మా! ఆ యాసలో ప్రేమంటే కామెడీ అయిపోతుంది. మార్కెట్ సంగతి నాకు తెలుసు."

ప్రసన్నలక్ష్మికి ఒళ్లు మండిపోయింది.

"మగ్గం కాడ మా అమ్మ లలితమ్మ మా నాయినతోని అన్న మాట సార్ అది. ఆయన నవ్వలే. కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నడు."

చక్రపాణి ఏదో చెప్పబోయాడు. అంతలో లోపలి గదిలోంచి కూతురు సింధూర గొంతు వినిపించింది. నిశ్చితార్థమైన వినయ్‌తో ఫోన్‌లో మాట్లాడుతోంది. ఆ పిల్ల పుట్టిందీ పెరిగిందీ దిల్‌సుఖ్‌నగర్‌లోనే.

"ఏంది వినయ్, గంత కోపమా? జర నవ్వరాదూ! నువ్వు మాట్లాడకుంటె నాకు మనసున పడ్తలేదు."

చక్రపాణి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇంట్లో మాట వేరు, పుస్తకం వేరు," అన్నాడు చివరికి.

ప్రసన్నలక్ష్మి ప్రూఫులు బల్లమీద పెట్టేసింది. "అయితే ఈ పుస్తకం వద్దు సార్. నా రాతప్రతి నాకియ్యిన్రి."

"ఇంకెవరు వేస్తారమ్మా నీ పుస్తకం?"

నిజంగానే ఇంకెవరూ లేరు. అయినా చాచిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

రాతప్రతి తెచ్చి ఇచ్చింది చక్రపాణి భార్య సూర్యప్రభ. గుడివాడ నుంచి కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆ ఇంటి ప్రూఫులన్నీ దిద్దేది ఆవిడే.

"ఇది దిద్దుతూ నేనూ ఏడ్చానమ్మా. మార్చొద్దని చెప్పాను, వినలేదు," అని ఆవిడ భర్త వైపు తిరిగింది. "మన సింధూర మాట వింటే మీకు నవ్వొచ్చిందా? రాలేదుగా! ఒక మాట నవ్వించడానికి పనికొస్తుంది గానీ ప్రేమించడానికి పనికిరాదన్నామంటే, అది మాట్లాడేవాళ్లకి మనసుందని మనం ఒప్పుకోనట్టేనండీ."