వంటింట్లో ఎవరూ ఉండరు

"ఆ కిటికీ మూసెయ్. ఎన్నిసార్లు చెప్పాలి?" భర్త తన గాజు గదిలోంచి అరిచాడు.

"ఉల్లిపాయలు వేగుతున్నాయండీ. ఐదు నిమిషాలు."

"ఐదు నిమిషాల్లో నా చొక్కా కంపు కొడుతుంది. ఫోన్లో మీటింగుంది నాకు."

చొక్కా వాసన ఫోన్లో అవతలివాళ్ళకు చేరుతుంది కాబోలు! ఆమె కిటికీ మూసింది. మూయగానే దగ్గు తెర ముంచుకొచ్చింది.

"మేం కట్టెల పొయ్యి ఊదూదీ వండాం. గ్యాసుక్కూడా దగ్గేనా అమ్మాయ్?" హాల్లో సోఫా మీంచి అత్తగారు. ఆవిడ కట్టెల పొయ్యి దగ్గర గడిపింది రెండేళ్ళు. ఆ రెండేళ్ళనూ నలభై ఏళ్ళుగా వాడుకుంటోంది.

గాజు గది ఒకప్పుడు బాల్కనీ. వంటింటికున్న ఒక్క కిటికీ అందులోకే తెరుచుకుంటుంది. వంటింటి కిటికీ బయటి గాలిలోకి తెరుచుకోవాలన్నది ఇళ్ళు కట్టే నిబంధన. ఆ నిబంధన పాటించారో లేదో ఊళ్ళోవాళ్ళ ప్లాన్లలో వెతకడమే ఆయన ఉద్యోగం. కిటికీ లేని వంటిల్లు కనబడితే ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టి వెనక్కి పంపుతాడు, ఇంటికొచ్చి ఆ ఘనత చెప్పుకుంటూ రెండో కప్పు కాఫీ అడుగుతాడు. సొంత ఇంటికి మాత్రం, గృహప్రవేశమైన ఆర్నెల్లకే బాల్కనీని ఈ చివర నుంచి ఆ చివరకు అద్దాలతో మూయించి బల్ల వేసుకున్నాడు. రొద చేస్తోందని వంటింటి ఫ్యాను వైరు పీకేశాడు. ఊపిరాడటం లేదంటే, "ప్లాన్లో కిటికీ ఉందిగా!" అంటాడు. నిజమే, ఉంది. ప్లానుకు ఊపిరితిత్తులుండవు.

ఈమధ్య ఆఫీసువాళ్ళు ఆయనకో పరిశోధన అప్పగించారు. నిబంధనల ప్రకారం కట్టిన ఇళ్ళలో గాలి ఎలా ఉందో చూడాలి. గాలిలో పొగ, ధూళి ఎంతుందో అంకెల్లో చూపే మొదటి మీటరు సొంత ఇంట్లోనే, టీవీ పక్కన పెట్టాడు. "ఇంట్లోనే ఉంటావుగా, రోజుకు మూడుసార్లు అంకె రాసిపెట్టు. పెద్ద పనేం కాదు," అన్నాడు. ఆమె కెమిస్ట్రీ డిగ్రీ ఆ ఇంట్లో అంతవరకూ సింకు గొట్టం పూడుకున్నప్పుడు మాత్రమే గుర్తొచ్చేది.

మీటరుతో వచ్చిన సూచనల కాగితం ఆయన చదవలేదు. ఆమె చదివింది. ఇంట్లో మనుషులు ఎక్కువసేపు గడిపే చోట పెట్టాలని రాసుంది. వారం రోజులపాటు హాల్లో అంకె రాశాక మీటరును వంటింట్లోకి తీసుకెళ్ళి, పక్క గడిలో అక్కడి అంకె కూడా రాసింది. అరవై దాటితే మంచిది కాదని ఆ కాగితమే చెప్పింది. హాల్లో ముప్పై. కిటికీ మూసి వేయించేటప్పుడు వంటింట్లో నాలుగు వందల పది.

ఆయన రెండో గడి మొత్తాన్నీ ఎర్ర పెన్సిలుతో కొట్టేశాడు.

"వంటిల్లు లెక్కలోకి రాదు. అక్కడెవరూ ఉండరు."

ఆమె గరిటె పట్టుకుని ఆయన ఎదురుగానే నిలబడి ఉంది.

"మరి నేను?"

"నువ్వు వంట చేస్తావు. ఉండటం వేరు."

ఆమెకు కోపం రాలేదు. కోపం రావాలంటే ఎదుటి మనిషి మీద కాస్తయినా గౌరవం మిగలాలి. పద్దెనిమిదేళ్ళుగా పొద్దున మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు తను ఎక్కడ ఉన్నట్టు? ఈయన ముందు భోజనం పళ్ళెం దానంతటదే నడిచొస్తోందా? ఇంత చిన్న బుర్ర కోసమా తను ఇన్నాళ్ళూ దగ్గును కొంగులో దాచుకుంది! జాలి పడదామనుకుంది. అదీ దండగే అనిపించింది.

ఆదివారం భోజనాల దగ్గర ఆయన రిపోర్టు చివరి వాక్యం పైకి చదివాడు. "హాలులోని గాలి అన్ని వేళలా ఆరోగ్యకరంగా ఉన్నది."

"మావాడు రాస్తే తిరుగుండదు," అంది అత్తగారు.

ఆమె వడ్డించడం ఆపి, కుర్చీ లాక్కుని వాళ్ళతోపాటు కూర్చుంది. పళ్ళెంలో ముందుగా తనకే పెట్టుకుంది.

"రేపు పదింటికి గ్యాసు మెకానిక్ వస్తున్నాడు."

"ఏం, లీకా?"

"కాదు. పొయ్యి హాల్లోకి మారుస్తున్నా. టీవీ ఉన్న చోటికి. ఈ ఇంట్లో గాలి బాగున్న చోటు అదేనని మీరే రాశారుగా."

"మతిపోయిందా? హాల్లో వంటేమిటి?"

"బాల్కనీ అద్దాలు తీయించిన రోజున మళ్ళీ వంటింట్లోకి వెళ్తాను. అప్పటిదాకా అక్కడే."

అత్తగారి చేతిలో ముద్ద ఆగిపోయింది. "మరి మేమెక్కడ కూర్చోవాలమ్మాయ్?"

"వంటింట్లో కూర్చోండత్తయ్యా," అంది ఆమె, ముద్ద కలుపుకుంటూ. "అక్కడెవరూ ఉండరట."