ఆరిపోని పచ్చరంగు

మా గైడ్ అనంతయ్య సార్ తన కూతురి పెళ్లి చీరల కోసం హైదరాబాద్ నుంచి గద్వాలకు, నేరుగా మా ఇంటికే వచ్చాడు. నాకు పండగే అనిపించింది. ల్యాబ్‌లో చేతికి దొరకని మనిషి, మా చాప మీద కూర్చున్నాక ఎక్కడికి తప్పించుకుంటాడు?

నా గోడు చిన్నదే. కణం లోపల కాల్షియం దాచుకునే కొట్టు ఒకటి ఉంటుంది. మందు వేస్తే ఆ కొట్టు ఖాళీ అవుతుందా లేదా అన్నదే నా పీహెచ్‌డీ. అది కంటికి కనబడాలని కణంలో వెలిగే ప్రోటీన్ సెన్సార్ పెట్టాం. సార్ ఎంచిన సెన్సార్ కాల్షియాన్ని ఉడుంపట్టు పడుతుంది. కొట్టు చాలా మటుకు ఖాళీ అయినా అది వెలుగుతూనే ఉంటుంది. మందుకు ముందు పచ్చ, మందు తర్వాతా పచ్చ. ఏడాదిగా ఇదే చూసి చూసి ఒళ్లు మండిపోతోంది. పట్టు వదులుగా ఉండే సెన్సార్ ఇంకొకటి ఉంది. మసకగా వెలుగుతుంది గానీ, కాల్షియం తగ్గితే రంగు మారుతుంది. నా ఫెలోషిప్ ఇంకొక్క ఏడాదే. ఇప్పుడు మార్చకపోతే నా చదువు గోవిందా.

నాయిన మగ్గం గుంతలోంచి లేచొచ్చి చీరలు పరిచాడు. చీర విప్పాక కొనేవాళ్ల మాటకు ఎదురు చెప్పకూడదన్నది మా ఇంటి పద్ధతి. నేను ఆగలేకపోయాను.

"సార్, ఆ సెన్సార్ మారుద్దాం. మసకదైనా సరే."

సార్ జరీ అంచు నిమురుతూనే ఉన్నాడు. "మసక బొమ్మలు ఎవరు చూస్తారమ్మా? మొన్న మీటింగ్‌లో మనవి చూసి అందరూ మెచ్చుకున్నారు."

"మెచ్చుకున్నరు సార్, కానీ వాటిల్ల ఏం మారుతలేదు."

నాయిన నన్ను గుడ్లురిమి చూసి, సార్ వైపు తిరిగి నవ్వాడు. "చిన్నపిల్ల సార్, తెల్వక మాట్లాడుతుంది. మీరెట్ల చెప్తే గట్లనే చేస్తది."

"విన్నావుగా జయశ్రీ? కొత్త ప్రయోగాలు కూడా దాంతోనే మొదలుపెట్టు" అని సార్ ఇంకో చీర అందుకున్నాడు.

అమ్మ టీ గ్లాసులు నా చేతికిచ్చింది. అందించాను.

సార్ కారు వీధి మలుపు తిరిగింది. నాయిన ముఖం వెలిగిపోతోంది. "మీ సార్ శాన మంచోడు బిడ్డా. ఒక్క మాట బేరమాడలే."

"ఎందుకాడుతడు నాయినా? నా ఏడాదిని ఉత్తపున్నానికి ఇచ్చేస్తివి గదా."