నూక సంచి

మా ఫ్యాక్టరీలో విరిగిన బిస్కెట్లను నూక అంటాం. శనివారం షిఫ్టు దిగేటప్పుడు గేటు దగ్గర మేస్త్రీ తలా ఒక సంచి నూక ఊరికే ఇస్తాడు. తలా అంటే మా జాతి వాళ్ళకే. పొయ్యిల దగ్గర మాడేది మేము, ఆఫీసులో, ప్యాకింగులో కూర్చునేది ఇంకో జాతి. వాళ్ళకి విరిగింది ఇస్తే మర్యాదగా ఉండదట. మా నాయన కాలం నుంచీ మా ఇళ్ళలో పొద్దున అదే, పిల్లలు ఏడిస్తే అదే, షిఫ్టు దిగొచ్చి వండే ఓపిక లేకపోయినా అదే. ఎవరైనా జబ్బు పడితే చూడ్డానికి ఉత్తచేతులతో వెళ్ళరు మావాళ్ళు. నూక సంచి పట్టుకెళ్తారు. అదో పెద్ద ప్రేమ.

మా అక్క మొగుడికి షుగరు. కాలి బొటనవేలు తీసేశారు. ఆ పుండు మానితే సరే, లేకపోతే మోకాలి పైదాకా కోస్తామన్నారు. కాలే పోతే పొయ్యి దగ్గర నిలబడలేడు, వేరే పని రాదు.

ఆయన్ని చూడ్డానికి ఆసుపత్రి వార్డుకి వెళ్ళాను. ఒకవైపు చీము కంపు, ఇంకోవైపు మంచం కింద నుంచి వెనిల్లా, డాల్డా వాసన. వంగి చూస్తే సంచుల మీద సంచులు. పరామర్శకొచ్చిన మహానుభావులు పడేసిపోయినవి. ఒకదాని మూతి నిండా చీమలు. అక్కేమో మంచం అంచున కూర్చుని, ముక్క టీలో ముంచి మొగుడి నోట్లో పెడుతోంది, చంటిపిల్లాడికి పెట్టినట్టు.

ఆయన్ని చంపుతావా ఏంటని అడిగాను.

"ప్రేమగా తెచ్చింది వద్దంటే ఏమనుకుంటార్రా? అయినా ఇవి ముక్కలేగా. విరిగినదాంట్లో తీపి ఉండదు."

ఈ మాట మా పేటలో ఆడా మగా అందరూ నమ్ముతారు. విరిగినప్పుడు తీపి గాల్లోకి ఎగిరిపోతుందేమో మరి.

డాక్టరు వచ్చాడు. ఆయనది ఆ ఇంకో జాతి. పుండు చూసి, మంచం మీద మనిషి ఉన్నాడన్న ధ్యాస లేకుండా, వీళ్ళ జాతి రక్తమే అంత, షుగరు తొందరగా పడుతుంది అని పక్కనున్న కుర్ర డాక్టరుకి పాఠం చెప్పాడు. మా తాత ఈ ఫ్యాక్టరీ పుట్టకముందు మనిషి. చివరిదాకా రెండు కాళ్ళ మీద నడిచాడు. ఆయనదీ ఇదే రక్తం. ఆ మాటే చెప్పి, మంచం కింద చూడమన్నాను. బూటు కొసతో ఒక సంచిని కదిపాడు.

"ఎవరైనా నోట్లో కుక్కుతున్నారా? మీవాళ్ళ రుచులంతే."

చేతులు కడుక్కుని వెళ్ళిపోయాడు. నేను సంచులన్నీ ఈడ్చుకెళ్ళి ఆసుపత్రి వెనక చెత్తకుండీలో పారేశాను. అక్క నాతో మాట్లాడ్డం మానేసింది.

శనివారం గేటు దగ్గర నాకు నూక వద్దన్నాను. మేస్త్రీ ఎగాదిగా చూసి, కొవ్వెక్కిందా అన్నాడు. నా సంచి తీసి నా వెనకున్న పిప్పిపళ్ళాయన చేతిలో పెట్టాడు. నూక తిని తినే ఆయన పళ్ళు అలా అయ్యాయి. రెండు సంచులు దొరికేసరికి ఆ పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు.

మర్నాడు వార్డుకి వెళ్తే ఆ పిప్పిపళ్ళాయన నాకన్నా ముందే ఉన్నాడు. మంచం కింద మళ్ళీ రెండు సంచులు.

"రావయ్యా. నీ వాటా నేను కాజేస్తే పాపం కదా. నీ పేరు చెప్పే ఇచ్చాను."

అక్క కళ్ళు తుడుచుకుని, ఇన్నాళ్ళకి తమ్ముడికి బుద్ధొచ్చిందంది. బావ మొహం వెలిగిపోతోంది. పొద్దున నర్సు వచ్చి ఆయన మోకాలి పైన పెన్నుతో నీలం గీత గీసి వెళ్ళిందట. రేపే ఆపరేషను.

"నాకోసం నీ వాటా వదులుకున్నావట్రా," అన్నాడు బావ, నోట్లో ముక్క నములుతూనే. "ఇంద, నువ్వూ తిను."

చెయ్యి చాపాడు. నేను తీసుకోలేదు. ఆ చేతిలోంచి నూక రాలి దుప్పటి మీద, సరిగ్గా ఆ గీత ఉన్నచోట పడింది. దులిపాను. బావ ఇంకో ముక్క కొరికాడు, మళ్ళీ రాలింది.