మొదటి వాయి ఉత్తనీళ్లే

అక్క నన్ను ఎప్పుడూ ఏమీ అడగలేదు. పెంచింది, కొట్టింది, ఫ్రిజ్‌లు బాగుచేసే పనిలో పెట్టింది, యజమానులతో పోట్లాడి వచ్చిన ప్రతిసారీ తిట్టుకుంటూనే తిండి పెట్టింది. నాకు కోపం ముక్కుమీదే ఉంటుందని ఆవిడకు తెలుసు. అలాంటి మనిషి నలభై ఏళ్లలో మొదటిసారి నన్నొకటి అడిగింది. అదీ శుక్రవారం పొద్దున్న, నేను ఎవరిదో ఫ్రిజ్ వెనక తల దూర్చి ఉన్నప్పుడు ఫోన్ చేసి.

"ఒరేయ్, రాగిగొట్టంతో చుట్ట చేసిపెడతావా? ఆవిరిని చల్లార్చేది."

"కండెన్సరా? దేనికి?"

"ఆదివారానికల్లా కావాలి."

దేనికి అని అడిగితే ఎప్పటికో చెప్పి పెట్టేసింది. నేను ఫోను వైపు చూస్తూ కూర్చున్నాను. ఆ ఇంటావిడ వచ్చి, ఫ్రిజ్ పోయిందా అని భయంభయంగా అడిగింది. పోయింది ఫ్రిజ్ కాదు, నా మతి.

ఇంట్లో ఆవిరి చల్లార్చే చుట్ట ఎవరికి కావాలి? సారా కాచుకునేవాళ్లకి. మా అక్క దగ్గుమందు కూడా చెంచాలో సగమే తాగుతుంది. ముప్పై రెండేళ్లుగా ఒకటే పని, సబ్బుల కార్ఖానాలో వాసన చూడటం. సబ్బుల్లో కలిపే నిమ్మగడ్డి నూనె డబ్బాలు వస్తాయి. అక్క మూత తీస్తుంది, వాసన చూస్తుంది, "ఇది మంచిది, ఇందులో కల్తీ ఉంది, ఇది నిరుటిది" అని చెబుతుంది. ఆవిడ మాటమీదే యజమాని సరుకు దించుకుంటాడు. అటువంటి మనిషికి భట్టీ ఎందుకో తలాతోకా అర్థం కాలేదు.

శనివారం సాయంత్రం పాత ఏసీలోంచి తీసిన రాగిగొట్టం భుజాన వేసుకుని వెళ్లాను. అక్క ఉండేది రెండో అంతస్తులో, రెండు గదులు. మెట్లమీద కింది వాటా ఆవిడ ఎదురైంది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. గొట్టాన్ని చూసి, నన్ను చూసి, మళ్లీ గొట్టాన్ని చూసింది. పక్కకి తప్పుకుని పైకెక్కాను. చెప్పడానికి నాకు తెలిస్తే కదా.

గొట్టం గుమ్మంలోనే పడేసి, "దేనికో చెప్పకపోతే చెయ్యను" అన్నాను.

అక్క కాసేపు బట్టలు మడతపెడుతూనే ఉంది. "నాకు వాసన తెలియడం లేదురా" అంది.

"ఎప్పటినుంచి?"

"మొన్న జ్వరం వచ్చింది చూడు, అప్పట్నుంచి. మూడు వారాలు."

డాక్టరు దగ్గరికి వెళ్లిందట. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు, రోజూ ఘాటైన వాసనలు చూస్తూ ఉండమన్నాడట. ఈ మూడు వారాలూ కార్ఖానాలో రంగు చూసి, వేళ్ల మధ్య రుద్ది చూసి, పక్కవాళ్ల మొహాలు చూసి నెట్టుకొచ్చింది. సోమవారం మాత్రం అలా కుదరదు. ఏడాదికి సరిపడా నూనె కొనే రోజు. యజమాని ఆరు డబ్బాలు బల్లమీద పెట్టి గది తలుపు మూస్తాడు. లోపల అక్క ఒక్కతే.

"తప్పు చెబితే?"

"ఏడాదంతా తయారయ్యే సబ్బు తప్పే. ఇంక నా మాట ఎవడు వింటాడు? ఈ ముక్కు తప్ప నా దగ్గర ఏముందిరా?"

ఆ మాట వినలేక అరిచాను. "అయితే ఆ నిమ్మగడ్డేదో నలిపి వాసన చూడొచ్చుగా! దీనికి కండెన్సర్ ఎందుకు?"

"నలిపాను. నూనె సీసాలూ కొని చూశాను. ఏమీ లేదు. మా పనిలో పాతవాళ్లు ఒక మాట అంటారు. గొట్టం మూతి దగ్గర పడే వేడిచుక్కలో ఉన్న వాసన ఇంకెక్కడా ఉండదని. అదీ తెలియకపోతే ఇక తెలియనట్టే."

ఇందులో ఎంత నిజముందో నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా గొట్టాలు. అందుకే కొలత తీసుకున్నాను.

ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టాను. రాగిగొట్టాన్ని ఉత్తిగా వంచితే నడుం విరిగి నొక్కుకుపోతుంది. కాబట్టి లోపల సన్నటి ఇసుక పోసి, తట్టి తట్టి కూరి, రెండు చివరలా చెక్కబిరడాలు కొట్టాను. ఖాళీ రంగుడబ్బా చుట్టూ నెమ్మదిగా తిప్పితే ఏడు చుట్లు వచ్చాయి. ఒక్క నొక్కు కూడా పడలేదు. ఇసుక దులిపి, చుట్టని ప్లాస్టిక్ బకెట్లో దించి, కింది చివరని బకెట్టుకి రంధ్రం చేసి బయటికి తీశాను. పై చివర కుక్కరు మూతమీద విజిల్ ఉండే చోట బిగించాను. బకెట్టు నిండా చన్నీళ్లు. ఆవిరి పైనుంచి దిగి చల్లబడి కింద నీరై పడాలి. చూడముచ్చటగా ఉంది. ఇల్లలకగానే పండగ కాదన్న మాట మాత్రం ఆ క్షణంలో గుర్తు రాలేదు.

గొట్టం చివర ఒక గాజుసీసా రేకుమూతకి రంధ్రం చేసి, అందులో గొట్టం దూర్చి, గ్యాసు టార్చితో కాల్చి గాలి చొరకుండా అతికించేశాను. సీసాని ఆ మూతకి గట్టిగా బిగించాను. సబ్బునురగ రాసి చూశాను, ఒక్క బుడగ లేదు.

అక్క వంగి చూసింది. "ఇందులో ఉన్న గాలి ఎటు పోతుందిరా?"

"ఎటూ పోదు. లీకు లేదు."

"పోవాలి కదా! ఆవిరి వస్తుంటే లోపలి గాలి బయటికి పోవద్దూ? మూతి తెరిచి ఉంచాలి."

"ఇరవై నాలుగేళ్లుగా కండెన్సర్లతో కాపురం చేస్తున్నాను. నాకు చెబుతున్నావా?"

పంతంకొద్దీ కుక్కర్లో గ్లాసెడు నీళ్లు పోసి స్టవ్వు వెలిగించాను. కాసేపటికి నీళ్లు మరిగాయి. గొట్టం లోపల ఏదో గొణిగింది. సీసాలో చుక్క పడలేదు. కుక్కరు వణికింది. నేను గుడ్లప్పగించి చూస్తుండగానే సేఫ్టీ వాల్వు తుస్సుమని ఎగిరి, ఆవిరి గోడని కొట్టింది. అక్క చటుక్కున స్టవ్వు కట్టేసింది.

అప్పటికి వెలిగింది నాకు. ఫ్రిజ్‌లో గ్యాసు బయటికి పోకూడదు, అదే లోపల తిరుగుతూ ఉండాలి. లీకంటే మాకు పాపం. భట్టీ అలా కాదు, దానికి చివర నోరుండాలి. లీకే దాని పని. ఇంత చిన్న సంగతి నా బుర్రకెందుకు తట్టలేదో ఇప్పటికీ తెలియదు.

కింది వాటా ఆవిడ అరిచింది. "ఏం కాస్తున్నారమ్మా పైన?"

"నా బుర్ర!" అని నేను తిరిగి అరిచాను.

అక్క నవ్వింది. ఈ మూడు వారాల్లో ఆ నవ్వు మొదటిసారట, తర్వాత చెప్పింది. కోసిన నిమ్మగడ్డి కట్టని నా చేతిలో పెట్టి, "మూతి తెరువు. ఇది వేసి మళ్లీ పెట్టు. నేను డాబామీద బట్టలు ఆరేసి వస్తా" అని బుట్ట తీసుకుని వెళ్లింది.

నేను సీసా మూత కోసేసి, గొట్టం చివరకి చిన్న వంపుముక్క అతికించాను. కుక్కరుకి కొత్త వాల్వు బిగించాను. అతికించడం అంటే అతుకు పట్టడానికి రాసే ఫ్లక్సు, మసి, కాస్త ఇసుక కూడా లోపల మిగిలే ఉంటాయి. మా పనిలో కొత్త గొట్టాన్ని కడక్కుండా ఏదీ నింపం. అందుకని మొదటి వాయి ఉత్తనీళ్లే పెట్టాను. గడ్డికట్ట కిటికీ గట్టుమీద పెట్టాను. అక్కకి ఈ మాట చెప్పాననే అనుకున్నాను. చెప్పలేదని తర్వాత తెలిసింది.

ఈసారి గొట్టం దగ్గింది, ఉమ్మింది, తర్వాత బుద్ధిగా చుక్కలు రాల్చడం మొదలుపెట్టింది. మొదట మురికిగా వచ్చాయి, పారబోశాను. తర్వాత తేటగా వచ్చాయి. కింద కప్పు పెట్టాను. అప్పుడే ఖాళీ బుట్టతో అక్క దిగి వచ్చింది.

బుట్ట జారవిడిచి గొట్టం దగ్గర మోకాళ్లమీద కూర్చుంది. కళ్లు మూసుకుంది. ఒక చుక్క పడింది. ఇంకో చుక్క పడింది.

"వచ్చిందిరా" అంది మెల్లగా. తర్వాత గట్టిగా, "వచ్చింది! నిమ్మగడ్డి! సన్నగా, దూరంగా ఉంది గానీ అదే! నీకూ వస్తోంది కదా?"

ఆ మొహం చూసి నేను తల ఊపాను.

ఊపిన మరుక్షణం గుర్తొచ్చింది. అది ఉత్తనీళ్లు. అందులో వాసనుంటే ఫ్లక్సుదే ఉండాలి. కానీ అక్క వెనక, నాలుగడుగుల దూరంలో, కిటికీ గట్టుమీద కట్ట ఉంది. గాలి అటునుంచే వస్తోంది. నిజంగా ఆ కట్ట వాసనే తెలిసిందేమో! లేక గుర్తుండిపోయిన వాసనని ఇప్పుడు వచ్చిందనుకుంటోందేమో! నేనే గట్టిగా పీల్చి చూశాను. పొద్దుట్నుంచీ టార్చి పొగ మింగిన ముక్కు నాది, నాకూ ఏదో వచ్చినట్టే ఉంది, రానట్టూ ఉంది. కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకున్నాను. చెబితే ఆ మొహం ఏమవుతుంది? చెప్పకపోతే సోమవారం ఏమవుతుంది?

అక్క మాత్రం గదంతా తిరుగుతోంది. "రేపు ఆ ఆరు డబ్బాలూ నిమిషంలో చెప్పేస్తాను. పాత నూనె అంటగట్టేవాడు ఒకడున్నాడు, వాడి పని పడతాను."

తలుపు తోసుకుని కింది వాటా ఆవిడ వచ్చింది. కుక్కరు, బకెట్టు, కప్పు, అన్నీ చూసింది. సారా కాదని తేలడంతో కాస్త నీరుగారిపోయింది. తర్వాత ఊరుకోలేక కిటికీ దగ్గరికి వెళ్లింది.

"ఇంత గడ్డి ఎండలో పెట్టారేమిటమ్మా? వాడిపోతోంది!"

అక్క ఆ కట్టవైపు చూసింది. కుక్కరు వైపు చూసింది. చివరికి నావైపు చూసింది. ఆవిడని మర్యాదగా బయటికి పంపి తలుపు వేసింది.

"కుక్కర్లో ఏముంది?"

"నీళ్లు. గొట్టం కడగాలని..."

"మరి తల ఊపావు."

"నీ మొహం చూసి ఊపానక్కా."

కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. కట్ట తీసి తనే కుక్కర్లో కుక్కి, నీళ్లు పోసి, మూత బిగించింది. "నాకు వచ్చిందిరా. ఒట్టు. నిజంగా వచ్చింది. ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకే తెలియడం లేదు" అంది. ఆ గొంతులో భయం నేను అంతకుముందు ఎన్నడూ వినలేదు.

రెండో వాయి దిగింది. కప్పులో పైన సన్నటి నూనెపొర తేలింది. నేను ముక్కు కడుక్కుని వచ్చి వాసన చూశాను. ఈసారి అనుమానం లేదు.

రెండు కప్పులు తీసుకున్నాను. ఒకదాంట్లో మొదటి వాయి నీళ్లు, ఒకదాంట్లో రెండోది. రెండోదాని అడుగున నల్లటేపు ముక్క అంటించాను. కిటికీ మూశాను. అక్క కళ్లకి తువ్వాలు కట్టుకుంది.

నిమ్మగడ్డి కప్పు ఏదో మొదటిసారి సరిగ్గా చెప్పింది. నేను ఎగిరి గంతేయబోయాను. రెండోసారి తప్పు చెప్పింది. ఏమిటిది? ఒకటి ఒప్పు, ఒకటి తప్పు. బొమ్మా బొరుసా వేసినా అంతే కదా. కప్పులు మళ్లీ మార్చాను. అక్క ఈసారి చాలాసేపు వాసన చూసింది. ఒకటి, తర్వాత రెండోది, మళ్లీ మొదటిది. కుడిచేతి కప్పుని నావైపు చాచింది.

"ఇదిరా. ఇదే కదూ?"

పైకెత్తి అడుగున చూశాను. టేపు లేదు.

తువ్వాలు కట్టుకుని ఉంది కాబట్టి తనకి కనపడదు. ఒక్క 'అవును' చాలు. అది నాలిక చివరిదాకా వచ్చింది. అది అనేస్తే మనిషి ఈ రాత్రి హాయిగా నిద్రపోతుంది. రేపు ఆ గదిలో ఆరు డబ్బాల ముందు ఒంటరిగా నిలబడుతుంది.

"కాదక్కా" అన్నాను.

అక్క తువ్వాలు విప్పలేదు. కప్పు ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుంది. గొట్టంలోంచి చుక్కలు పడుతూనే ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా. ఆవిడకి కనపడదని ధైర్యం.

"మరి ఆ రెండోది ఎలా ఉందో చెప్పు" అంది చివరికి.

"నిమ్మకాయలా ఉంది."

"అది ఎవడైనా చెబుతాడు. సరిగ్గా చూసి చెప్పు."

మళ్లీ కప్పు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. వాసనల మాటలు నాకు రావు. వెతుక్కున్నాను. "చిన్నప్పుడు నువ్వు కార్ఖానా నుంచి రాగానే నా మొహం రెండు చేతుల్తో పట్టుకుని చూసేదానివి, తిన్నానా లేదా అని. అప్పుడు వచ్చేదిగా, అలా ఉంది. కొంచెం తీపి. వెనకాల ఎక్కడో పచ్చిగా ఉంది."

అక్క తువ్వాలు తీసేసింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. అరచేతులు రెండూ ముక్కు దగ్గరికి తీసుకుని ఒకసారి పీల్చి, కిందికి దించేసింది.

"రేపు నాతో కార్ఖానాకి రా. మూత తీయకముందే యజమానికి చెప్పేస్తాను. ఆయన అరుస్తాడు. నువ్వు తిరిగి అరవకూడదు."

నేను తల ఊపాను.

"ఊపకు" అంది. "నోటితో చెప్పు."

"వస్తానక్కా" అన్నాను.