జెవాద్ పేరు కింద

ముద్దాయి చనిపోయాడని ఫోన్ వచ్చేసరికి ఆఫ్కా జడ్జిగారి మెడపట్టీకి ఇస్త్రీ చేస్తూ ఉంది. నల్లగౌను మీద గడ్డం కింద వేలాడే తెల్లటి మడతల పట్టీ అది. మర్నాడే తీర్పు. తీర్పు చదివే రోజున ఆ మడత నలగకూడదని జడ్జి అంపోఫో పట్టుదల. లాండ్రీవాళ్ల మీద ఆయనకు నమ్మకం లేదు. అందుకని ఆఫ్కాయే తన గదిలో ఒక మూల బల్ల వేసుకుని ఆ పని కానిచ్చేది.

ఫోన్ ఇసుకదిబ్బల పక్కనున్న జైలు నుంచి. ముద్దాయి అయిన జనరల్ నిద్రలోనే పోయాడు. పొద్దున్నే కాఫీ పట్టుకెళ్లిన కాపలాదారు పిలిస్తే పలకలేదు. ఆఫ్కా ఆ మాట ఇంకోసారి చెప్పించుకుని విన్నది. ఇస్త్రీపెట్టె ఆపి, పట్టీని మడిచి సొరుగులో పెట్టింది. ఆ తర్వాత జడ్జిగారి తలుపు తట్టింది.

ద హేగ్ నగరంలోని ఆ అంతర్జాతీయ న్యాయస్థానానికి అంపోఫో అధ్యక్షుడు. ఘనా దేశంవాడు, ఆరడుగుల మనిషి, చలి దగ్గర మాత్రం పసిబిడ్డ. ఆఫ్కా అక్కడి డచ్ మనిషే, ఆయనకు పర్సనల్ అసిస్టెంటు. ఆయన ఎవరిని కలవాలో, ఎవరిని కలవకూడదో, ఏ కాగితం ముందు చూడాలో, బీపీ మాత్ర వేసుకున్నాడో లేదో, అంతా ఆమె తలలో ఉండేది. వాళ్లిద్దరి మధ్య తెగని తగువు ఒక్కటే, మధ్యాహ్నం తిండి.

"మళ్లీ రొట్టే జున్నేనా? మీ దేశంలో పగటిపూట పొయ్యి వెలిగిస్తే నేరమా అమ్మా?" అనేవాడాయన.

"నేరం కాదు జడ్జిగారూ, దుబారా," అనేది ఆఫ్కా, రొట్టెకు వెన్న రాస్తూ.

ఇంకొకటి కూడా ఆయనకు కొరుకుడు పడలేదు. అక్కడ ఒకరి పుట్టినరోజైతే ఇంటిల్లిపాదికీ అభినందనలు చెబుతారు. ఆయన భార్య పుట్టినరోజున ఆఫ్కా చెయ్యి చాపి, "మీ ఆవిడ పుట్టినరోజు, అభినందనలు," అంటే ఆయన నవ్వేవాడు.

"నేనేం చేశానమ్మా? కన్నది వాళ్లమ్మ."

"అయితే మీ అత్తగారికి కూడా నా తరఫున చెప్పండి."

ఆ ఉదయం మాత్రం ఆమె చెప్పింది విని ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"చచ్చినవాడి మీద తీర్పు ఉండదు," అన్నాడు. "కేసు మూసేసినట్టే. రాసిందంతా సీలు వేయించి లోపల పెట్టించు. ఒక్క పేజీ బయటికి పోకూడదు."

"తెలుసు జడ్జిగారూ."

"రసేమా గారు వచ్చేశారా?"

"నిన్న సాయంత్రమే దిగారు. అక్క కూతురు తోడుంది."

రసేమా ఆ కేసులో సాక్షి. జనరల్ సైన్యం ఆమె ఉండే కొండ ఊరి మీద పడి మగవాళ్లను లారీల్లో ఎక్కించుకుపోయింది. వాళ్లలో ఆమె కొడుకు జెవాద్ ఒకడు. మిగతా ఇళ్లవాళ్లకు ఎముకలైనా దొరికాయి. ఆమెకు ఏమీ దొరకలేదు. జెవాద్ లారీలోంచి దూకి పారిపోయాడనీ, జర్మనీలో పెళ్లి చేసుకుని పిల్లాపాపలతో ఉన్నాడనీ ఊళ్లో పుకారు లేచింది. జనరల్ వకీళ్లు ఆ పుకారునే కోర్టులోకి తెచ్చారు. సాక్ష్యం చెప్పడం అయిపోయాక రసేమా కుర్చీలోంచి లేవలేదు.

"మా అబ్బాయి ఉన్నాడో పోయాడో మీరు చెప్పండయ్యా. నేను చెబితే మా ఊళ్లో నమ్మరు. ఉన్నాడంటే ఎదురుచూస్తాను. పోయాడంటే ఏడుస్తాను. రెండూ ఒకేసారి చేయలేకపోతున్నాను."

"మీ ప్రశ్నకు కోర్టు తీర్పులో జవాబు చెబుతుందమ్మా," అన్నాడు అంపోఫో.

ఆ జవాబేమిటో ఆఫ్కాకు తెలుసు. తీర్పు చివర చనిపోయినవాళ్ల పేర్లన్నీ చదవాలి. పిలవడం చేతకాని పేరు చదవకూడదని ఆయన నియమం. అందుకని కొన్నాళ్లుగా రోజూ సాయంత్రం తలుపు వేసుకుని ఆయన పేర్లు బిగ్గరగా చదివేవాడు. ఆమె ఎదురుగా కూర్చుని, దుబాసీల దగ్గర అడిగి తెలుసుకున్నట్టు దిద్దేది. కిందటి వారం ఆయన అన్నిటికన్నా చివరన కొత్తగా చేరిన పేరు ఒకటి చూపించి, "దీన్నెలా పలకాలి?" అన్నాడు. జెవాద్. ఆఫ్కా పలికి చూపించింది. ఆయన రెండుసార్లు అన్నాడు. ఆ సంగతి ఇద్దరూ ఇక ఎత్తలేదు.

"మీరు ఒక్కసారి ఆవిణ్ని కలిస్తే," అంది ఆఫ్కా ఇప్పుడు.

"కలిసి?"

"ఆ ఒక్క మాట."

"ఆ ఒక్క మాటే తీర్పు అమ్మా. నేను ఆవిడకు చాటుగా చెబితే రేపు జనరల్ మనుషులు అదే పట్టుకుంటారు. ఈ కోర్టు తలుపు వెనక తీర్పులు చెబుతుందంటారు. ఇంకా నడుస్తున్న కేసులున్నాయి. వాటిలోనూ తల్లులున్నారు." ఆయన గొంతు తగ్గింది. "నీ నోటి నుంచి కూడా రాకూడదు. ప్రమాణం చేశావు."

"చేశాను."

"టీవీలో చూడకముందే వెళ్లి చెప్పు. వెళ్లగలిగితే నేనే వెళ్లేవాణ్ని."

బయట వాన. ట్రాము దిగి ఆఫ్కా రసేమా బసకు చేరేసరికే ముందుగదిలో టీవీ మోగుతోంది. తెర మీద జనరల్ ముఖం. దానికి ఎదురుగా రసేమా తలకు గుడ్డ కట్టుకుని, కోర్టు కోసం కొనుక్కున్న కొత్త బూట్లతో కూర్చుని ఉంది. పక్కనే అక్క కూతురు ఆమ్రా. రాటర్‌డామ్‌లో ఒక హోటల్లో దుప్పట్లు ఉతికే పని ఆమెది. డచ్ భాష గడగడా మాట్లాడుతుంది.

"ఆలస్యం చేశారు మేడమ్. టీవీవాడు మీకన్నా చురుకు," అంది ఆమ్రా.

"మా ఇల్లు దగ్గరే. ఆ మొహం ముందు కూర్చోవద్దు, రండి," అంది ఆఫ్కా.

సాక్షిని ఇంటికి పిలవకూడదని ఆమెకు తెలుసు. కేసే లేనప్పుడు సాక్షి ఎక్కడిదని ట్రాములో తనకు తాను చెప్పుకుంది.

వంటింట్లో కాఫీ పోసి బిస్కెట్ల డబ్బా తెరిచింది. ఆమ్రా అందరికీ అర్థమయ్యేలా రెండు భాషల్లోనూ అంది, "చూస్తూ ఉండు పిన్నీ. తలా ఒక్కటి ఇచ్చి డబ్బా మూసేస్తారు. ఇక్కడి మర్యాద అది."

ఆఫ్కా మూత పెట్టకుండా డబ్బా బల్ల మధ్యకు జరిపింది. ఎవరూ ముట్టుకోలేదు.

చెప్పాల్సింది చెప్పింది. తీర్పు ఉండదని, కేసు ముగిసిందని. ఆమ్రా మాటకు మాట తన భాషలో చెబుతూ వచ్చింది. రసేమా కప్పు చుట్టూ చేతులు ఆనించుకుని విన్నది.

"మరి రాసేశారు కదా? రాయకుండా రేపు ఏం చదివేవారు?"

"రాశారు."

"ఎక్కడుంది?"

"సీలు వేశారు."

"చంపినవాడు చస్తే మావాడి సంగతి కూడా చచ్చిపోతుందా?"

రసేమా లేచి బాత్‌రూమ్ ఎటని అడిగి వెళ్లింది. ఎంతకీ రాలేదు. వచ్చినప్పుడు చేతిలో క్యాలెండరు ఉంది. అక్కడ మేకుకు వేలాడేదాన్ని తీసుకొచ్చింది.

"ఇవెవరి పేర్లు?"

"పుట్టినరోజులు పిన్నీ," అంది ఆమ్రా. "ఈ దేశంలో చుట్టాలను తలుచుకునేది అక్కడ కూర్చునే."

"రోజూ వెళ్లే చోటు కదా, ఎవరినీ మరిచిపోం," అంది ఆఫ్కా, కాస్త సిగ్గుపడి.

"కొన్నిటి కింద గీత ఉందేం?"

"పోయినవాళ్లు. కొట్టెయ్యడానికి చెయ్యి రాదు. అందుకని కింద గీస్తాను."

"ఇది?"

"విమ్. నా భర్త."

రసేమా ఆ గీతను వేలితో ఒకసారి తడిమింది. తర్వాత పేజీలు తిప్పి మే నెల దగ్గర ఆపి, క్యాలెండరు ఆఫ్కా ముందు పెట్టింది.

"మావాడి పేరు రాయి చెల్లీ. తొమ్మిదో తారీఖు."

ఆఫ్కా బల్ల మీది పెన్నుల కప్పులోంచి పెన్సిల్ తీసి రాసింది. రాస్తూ అలవాటు కొద్దీ పైకి అంది, "జెవాద్."

రసేమా తలెత్తింది.

"మా ఊళ్లో పిలిచినట్టే పిలిచావు. ఎవరు నేర్పారు?"

"దుబాసీలు."

"నీకెందుకు నేర్పారు?"

ఆ ప్రశ్నను ఆమ్రా చాలా మెల్లగా డచ్‌లోకి తెచ్చింది. ఆఫ్కా చూపు కిటికీ మీదికి తిప్పుకుంది. కిటికీ అద్దం మీద వాన కారుతోంది.

"నిన్ను నోరు తెరవమనను," అంది రసేమా. "ఒట్టు పెట్టుకుని ఉంటావు. పేరు కింద గీత గియ్యాలంటే గియ్యి. అక్కర్లేదంటే పెన్సిల్ కింద పెట్టు. మిగతాది నేను చూసుకుంటాను."

ఆఫ్కా పెన్సిల్ మొన కాగితం మీద ఆనించింది. వేలెడు గీత. గీస్తే ఈమె ఈ రాత్రి ఏడవగలదు. కానీ అలా గీసిన గీతను పట్టుకుని రేపు ఇంకెవడో కోర్టులో లేచి నిలబడి, ఇంకో తల్లి మాట కొట్టేయించవచ్చు. పెన్సిల్ కింద పెట్టినా అదీ జవాబే, పైగా అబద్ధం. ఆమె గియ్యనూ లేదు, పెట్టనూ లేదు. చేతిలో పట్టుకుని అలాగే కూర్చుంది. కాఫీలు చల్లారాయి.

చివరికి రసేమాయే చెయ్యి చాపి, ఆమె వేళ్లలోంచి పెన్సిల్ తీసి పెన్నుల కప్పులో పెట్టింది.

"సరే," అంది.

గుమ్మం దగ్గర ఆమ్రా వెనక్కి తిరిగి, పిన్నికి తెలియకుండా డచ్‌లో అంది, "మీరు మంచివాళ్లేనండీ. అదే మా ఖర్మ."

ఆ చలికాలం ఆఫ్కా దుబాసీల దగ్గర కూర్చుని రసేమా భాష నాలుగు ముక్కలు నేర్చుకుంది. మే తొమ్మిది ఉదయం క్యాలెండరు చూసి, ఆమ్రా దగ్గర తీసుకున్న నంబరుకు ఫోన్ చేసింది. ఎలా ఉన్నారో అడగాలనుకుంది. పుట్టినరోజున ఫోన్ చేస్తే పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నోట వచ్చే మాట ఒకటుంది. అదే ముందు వచ్చేసింది.

"మీ అబ్బాయి పుట్టినరోజు. అభినందనలు."

అవతల ఎక్కడో కోడి కూసింది.

"మీ దేశంలో ఈ మాట ఉన్నవాళ్ల తల్లులకు చెబుతారా చెల్లీ, పోయినవాళ్ల తల్లులకా?" అంది రసేమా.

ఉన్నవాళ్ల తల్లులకే చెబుతారు. ఆఫ్కా అరచేత్తో ఫోన్ మూసి పట్టుకుంది. ఏడుపు వినబడితే అదీ జవాబే అవుతుంది. గొంతు సర్దుకున్నాక చెయ్యి తీసింది.

"ఆ మాట పొరపాటున వచ్చింది అక్కా. అలవాటు."

"అలవాటా," అంది రసేమా. మళ్లీ తనే అడిగింది, "గీత గీశావా?"

"లేదు."

"సరే. వచ్చే ఏడూ ఫోన్ చెయ్యి."

అప్పటి నుంచి ఏటా చేస్తోంది. అభినందనలు చెప్పదు. రసేమా అదే అడుగుతుంది, ఆఫ్కా అదే చెబుతుంది. తర్వాత వాన గురించీ మోకాళ్ల నొప్పుల గురించీ మాట్లాడుకుంటారు. జర్మనీ నుంచి ఎవరు ఊరికి వచ్చినా రసేమా ఇప్పటికీ వెళ్లి జెవాద్‌ను చూశారేమోనని అడిగి వస్తుందట. అంపోఫో ఘనాకు వెళ్లిపోయాడు. ఆఫ్కా కూడా రిటైరైంది. చేసిన ప్రమాణానికి రిటైర్మెంటు లేదు.

విమ్ పేరు కింద గీత వెలిసిపోతే ఆమె కిందటేడు మళ్లీ దిద్దింది. జెవాద్ పేరు కింద గీత ఇంకా గీయలేదు.