మారిన గేటు

సుజన చేస్తున్న ఉద్యోగం ఏమిటో ఇంట్లో ఎవరికీ సరిగ్గా అంతుపట్టలేదు.

"విమానాల కంపెనీలకు సలహాలిస్తం బాపూ," అని చెప్తే, కంచన్‌బాగ్ ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పనిచేసే తండ్రి డానియేలు నవ్వాడు.

"సలహాలిచ్చేటందుకు నువ్వెప్పుడు ఎక్కినవే విమానం?"

సరదాకే అన్నాడు గాని ఆ మాట ఆమెను పట్టుకుని వదల్లేదు. డిగ్రీ కాగానే ఆమెను కన్సల్టెంటుగా తీసుకున్న ఆఫీసులో, ఆమెతో చేరినవాళ్లంతా చిన్నప్పటి నుంచీ విమానాల్లో తిరిగినవాళ్లే. వాళ్లు కిటికీ సీటు కోసం కొట్లాడుకున్న కబుర్లు చెప్పుకుంటుంటే సుజన కూడా తెలిసినట్టే తలూపేది. దబీర్‌పురా స్టేషన్లో రైలు దిగి ఇంటికి నడుస్తూ, తను ఎప్పుడూ విమానం ఎక్కలేదని ఎక్కడ బయటపడుతుందోనని ఫికర్ పడేది.

మొదటి పని ఒక చిన్న విమాన సంస్థది. వాళ్ల విమానాలు రోజూ ఆలస్యంగా కదులుతున్నాయి. ఎందుకో కనుక్కోవాలి. టీముకు పెద్ద అయిన నళిని సుజనను వెంటబెట్టుకుని ఆ సంస్థదే విశాఖ వెళ్లే విమానానికి బయలుదేరింది.

ఎయిర్‌పోర్టులో గేటు దగ్గర ఆమెను కూర్చోబెట్టి, "నేను వీళ్ల మేనేజరుతో మాట్లాడొస్త. నువ్వు అంతా చూస్తుండు," అని వెళ్లింది.

పక్క కుర్చీలో నీలమ్మ అనే పెద్దావిడ సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చెల్లెలిని చూడ్డానికి పోతోందట, విమానం ఎక్కడం ఆమెకూ ఇదే మొదటిసారి. మైకులో ఇంగ్లీషులో, హిందీలో గబగబా ఏదో చెప్పారు. ఆ గోలలో సుజనకు ఒక్క ముక్కా అందలేదు. కాసేపటికి చుట్టూ కుర్చీలు ఖాళీ అయ్యాయి.

"బిడ్డా, మన విమానం గిక్కడికే వస్తదా?"

"వస్తదమ్మా," అంది సుజన ధైర్యంగా.

అంతలో ఫోను మోగింది. "ఎక్కడున్నవ్ సుజనా? గేటు మారింది! తలుపు మూస్తున్నరు!"

నీలమ్మ సంచి తన భుజానికేసుకుని, ఆమె చెయ్యి పట్టుకుని, సుజన ఉరికింది. కొత్త గేటు దగ్గర నళిని సిబ్బందిని బతిమాలుతూ అడ్డంగా నిలబడి ఉంది. ముగ్గురూ ఎక్కేసరికి లోపలివాళ్లంతా గుర్రుగా చూశారు. విమానం ఆలస్యమైంది, వీళ్ల వల్లే.

సీట్లో కూర్చున్నాక సుజనకు ఏడుపొచ్చింది. "మేడం, నేను ఇంతవరకు విమానం ఎక్కలే. మీకు ముందే చెప్పకపోతిని."

తిడుతుందనుకుంది. నళిని లేచి తన కిటికీ సీటు ఆమెకిచ్చింది. తర్వాత ఆమె బెల్టు సరిచేసింది.

"విమానాలు ఎందుకు లేటయితున్నయో చూద్దామనే గద వచ్చినం? నేను ఎన్నో ఏండ్ల సంది తిరుగుతున్న, ఆ మైకు మాట నాకు అలవాటయిపోయింది, అర్థంగానోళ్లు ఉంటరని తట్టలే. గిదంత రిపోర్టుల నువ్వే రాయాలె. మీటింగుల కూడా నువ్వే చెప్పాలె."

విమానం పైకి లేస్తుంటే సుజన ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. కింద ఊరంతా చిన్నదైపోయింది.

మీటింగులో విమాన సంస్థ పెద్ద అడిగాడు: "మొదటిసారి ఎక్కేవాళ్లు గేటు మారింది తెలియక పాత గేటు దగ్గరే ఉండిపోతున్నారని మీకెట్ల తెలుసు?"

సుజన ఒకసారి నళిని వైపు చూసింది. "వాళ్లల్ల నేనూ ఒకదాన్ని సార్."

ఎవరూ నవ్వలేదు. మైకులో తెలుగులో కూడా చెప్పాలని, గేటు మారితే పాత గేటు దగ్గర ఒక మనిషిని నిలబెట్టాలని ఒప్పుకున్నారు. కొన్ని వారాలకు ఆలస్యాలు తగ్గాయని నళినికి మెయిల్ వచ్చింది. ఆమె దాన్ని, ఇది సుజన చేసిన పని అని రాసి ఆఫీసులో అందరికీ పంపింది.

ఆ ఆదివారం భోజనానికి ముందు డానియేలు ఎప్పటిలాగే ప్రార్థన చేశాడు. అన్నానికి, ఆరోగ్యానికి వందనాలు చెప్పాక కాస్త ఆగి, "మా బిడ్డను చెయ్యి పట్టి నడిపిచ్చిన ఆ నళినమ్మను సల్లగ చూడు తండ్రీ," అన్నాడు.

"నీలమ్మను కూడ," అంది సుజన కళ్లు మూసుకునే.

"ఆమె ఎవరే?"

"తినుకుంట చెప్త బాపూ. ఆమేన్ అను ముందు."